మూలకణ మార్పిడి లెక్కలు చదవడం – 4వ పాఠం: కోటి దగ్గర జారిపడ్డాం

పోయిన పాఠానికి వచ్చిన జవాబులు చూశాక తప్పు నాదేనని తెలిసింది. మూలకణ మార్పిడి అంటే రక్త క్యాన్సర్ లాంటి జబ్బులకు, రక్తాన్ని తయారుచేసే కణాలను రోగికి ఎక్కించే చికిత్స. ఏడాదికి జరిగే ఆ మార్పిడుల రేటును 10 మిలియన్ల జనాభాకు కడతారని ఒక ముక్క రాసేసి ముందుకెళ్ళిపోయాను. సగం మంది పది లక్షలకు కట్టి పంపారు. రాజాం నుంచి ఒకాయనైతే "ఏటి మాస్టారూ, యూరప్‌లోనూ ఇంత తక్కువేనా?" అని అడిగారు. తక్కువ కాదండీ, మీ లెక్కలో ఒక సున్నా పోయింది.

మిలియన్ అంటే పది లక్షలు, పది మిలియన్లంటే కోటి. ఇంగ్లిషు పట్టికలో 10 మిలియన్ కనబడగానే నేను పెన్సిలుతో కొట్టేసి పైన కోటి అని రాసుకుంటాను, మీరూ అదే చెయ్యండి. 5 కోట్ల మంది ఉన్న దేశంలో ఏడాదికి 1,000 మార్పిడులు జరిగితే రేటు 200. పది లక్షలకు కడితే 20 వస్తుంది. దాన్ని పక్క దేశం 200 సరసన పెడితే పాపం ఉత్తపుణ్యానికి దీని పరువు పోతుంది. ఇంకా దగ్గరగా చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో పాత శ్రీకాకుళం జిల్లా 27 లక్షలు, పాత విజయనగరం 23 లక్షల పైచిలుకు, కలిపితే అరకోటి. రేటు 200 అంటే ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా ఉన్న ఇంత జనానికీ ఏడాదికి 100 మార్పిడులు.



ఇక ప్రాంతాల పట్టిక. 2006లో 71 దేశాల్లో 50,417 మందికి మొదటిసారి మార్పిడి జరిగింది. యూరప్ 24,216, అమెరికా ఖండాలు 17,875, ఆసియా 7,096, తూర్పు మధ్యధరా, ఆఫ్రికా కలిపి 1,230. పాతదే, కానీ కూడితే సరిగ్గా సరిపోతుంది, అందుకే నాకిష్టం. ఆసియా వాటా 14 శాతమే, జనాభా మాత్రం ప్రపంచంలో సగానికి పైనే. "అంటే మన వైపు ఆ జబ్బులు తక్కువన్నమాట" అని ఒకమ్మాయి రాసింది. కాదమ్మా, పట్టిక లెక్కపెట్టేది జరిగిన మార్పిడుల్ని, జబ్బుల్ని కాదు. తలసరి ఆదాయం 680 డాలర్ల లోపున్న దేశాల్లో ఆ ఏడాది ఒక్కటీ జరగలేదు. అక్కడ లుకేమియా (రక్త క్యాన్సర్) రాదా?

ఇంకొకటి, చేసిన చోటే లెక్క. సాలూరు పిల్లాడికి వేలూరులో చేస్తే అది వేలూరు ఖాతాలోకే పోతుంది. ఆ అంకె చూసి వేలూరు జనం గురించి మాట్లాడితే, పలాస పేరుతో అమ్మే జీడిపప్పంతా పలాస తోటల్లోనే కాసిందన్నట్టుంటుంది.

అన్నట్టు, అభ్యాసం మర్చిపోబోయాను. అంకెలు నేను కల్పించినవే. మొదటి దేశంలో 40 లక్షల జనం, 120 మార్పిడులు. రెండోదాంట్లో 14 కోట్ల జనం, 1,400 మార్పిడులు. రెండింటి రేట్లూ కట్టండి. తర్వాత మొదటి దేశం 120లో 45 మంది పొరుగు దేశాలవాళ్ళని, రెండో దేశం వాళ్ళు 300 మంది బయటికెళ్ళి చేయించుకున్నారని తెలిసింది. సొంత జనానికి రేట్లు మళ్ళీ కట్టి, తేడా ఎంత తగ్గిందో రాయండి. ఫోన్లో క్యాలిక్యులేటర్ ముట్టుకోవద్దు. ఆదివారంలోగా పంపండి.