సైకిల్ మోటారు మోత తగ్గించే ముందు

సొంతంగా బిగించుకున్న ఎలక్ట్రిక్ సైకిల్ మోత పెడుతుంటే చాలామందికి ముందు తట్టే ఆలోచన మోటారు చుట్టూ స్పాంజి చుట్టేయడం. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. లోపల పుట్టే వేడి బయటికి పోయేది మోటారు తొడుగు మీదుగానే. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది, అలా పోయిన బలం చల్లారాక పూర్తిగా తిరిగి రాదు. నైలాన్ గేర్లుంటే వేడికి మెత్తబడి పళ్ళు అరుగుతాయి. స్పాంజికి నిప్పంటుకునే ప్రమాదం సరేసరి. పైగా మోతకి కారణం తెలుసుకోకుండా దాన్ని మూసేస్తే, బేరింగ్ చెడిపోతోందని ముందుగా తెలిసే దారి కూడా మూసుకుపోతుంది.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. తాళం ఆపితే సరిపోదు. 48 వోల్టుల లిథియం బ్యాటరీ నిండా చార్జ్ అయితే దాదాపు 54.6 వోల్టులుంటుంది. స్పానర్ బ్యాటరీ రెండు కొసలకీ ఒకేసారి తగిలిందంటే ఇనుము ఎర్రబడేంత కరెంటు పారుతుంది. ఉంగరాలు, వాచీ తీసేయండి. బ్యాటరీ తీశాక కూడా కంట్రోలర్‌లో, అంటే మోటారుకి కరెంటు అందించే పెట్టెలో, ఉండే కెపాసిటర్లలో కాస్త చార్జ్ మిగిలి ఉంటుంది. చక్రం గాల్లో ఉండేలా సైకిల్ నిలబెట్టి, చేతులు దూరంగా పెట్టుకుని, ఒకసారి యాక్సిలరేటర్ తిప్పితే అదీ ఖర్చయిపోతుంది.

ఇప్పుడు చక్రం చేత్తో తిప్పి వినండి. గరగరమంటే బేరింగో, ఎక్కడో రాసుకోవడమో అయివుంటుంది, కంట్రోలర్‌తో పనిలేదు. గేర్లున్న హబ్ మోటారైతే (చక్రం మధ్యలోనే ఇమిడి ఉండేది) ముందుకి తిప్పినప్పుడు లోపలి క్లచ్ వదిలేస్తుంది కాబట్టి గేర్లు కదలవు. వెనక్కి తిప్పి వింటేనే వాటి సంగతి తెలుస్తుంది. బ్యాటరీ లేకపోయినా చక్రం ఆగి ఆగి బరువుగా తిరుగుతుంటే మోటారు తీగలు ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నట్టు, లేదా కంట్రోలర్ లోపల కాలినట్టు అనుమానించండి. ఆ స్థితిలో బ్యాటరీ తగిలించొద్దు. మోటారు కరెంటు మీద తిరుగుతున్నప్పుడు చెవి దగ్గర పెట్టి వినడం కూడా వద్దు. ఫోన్‌లో రికార్డు చేసి, ఆపాక వినండి.

బయల్దేరేటప్పుడో బ్రేకు వేసేటప్పుడో టక్కుమని ఒక్క చప్పుడు వస్తోందా? అన్నిటికంటే భయపడాల్సింది దానికే. ఇరుసు ఫోర్కు గాడిలో కదులుతోందన్నమాట. వదిలేస్తే ఇరుసు గిర్రున తిరిగి తీగల్ని తెంపుతుంది, చక్రమే ఊడిపోవచ్చు. నట్టు బిగించి ఊరుకోకుండా టార్క్ ఆర్మ్, అంటే ఇరుసు తిరగకుండా ఫోర్కుకి పట్టి ఉంచే లోహపు పట్టీ, వేయండి. అల్యూమినియం ఫోర్కుకైతే అది లేకుండా సైకిల్ ఎక్కనేవద్దు.

చేత్తో తిప్పితే నిశ్శబ్దంగా ఉండి, బరువు పడ్డప్పుడే గూంయ్‌మంటుంటే చాలావరకు కంట్రోలర్ పనే. చౌక కంట్రోలర్లు కరెంటుని ఆరు మెట్లుగా మార్చి ఇస్తాయి, మెట్టు మారినప్పుడల్లా మోటారుకి చిన్న కుదుపు. 46 అయస్కాంతాలున్న గేర్లు లేని హబ్‌ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో నడిపితే సెకనుకి సుమారు 450 కుదుపులు. స్పోకులు, ఫ్రేము, వెనక క్యారియర్ ఆ అదురుని పట్టుకుని పెద్దది చేస్తాయి. దాని బదులు కరెంటుని మెట్లు లేకుండా నున్నగా మార్చి ఇచ్చే సైన్ వేవ్ కంట్రోలర్ పెడితే వచ్చే తేడా మరే ఉపాయంతోనూ రాదని నా గట్టి అభిప్రాయం. వోల్టేజీ, ఆంపియర్లు, బ్యాటరీ అడుగంటకుండా ఆపే హద్దు, మూడూ మీ బ్యాటరీకి సరిపోయేవే కొనండి.

కొత్త కంట్రోలర్‌ని మోటారుకి కలిపేటప్పుడు తీగల రంగులు కలిశాయని మాత్రం నమ్మకండి. మోటారుకి కరెంటు ఇచ్చే మూడు ఫేజ్ తీగలు, మోటారు ఎక్కడ తిరుగుతోందో కంట్రోలర్‌కి చెప్పే మూడు హాల్ తీగలు 36 రకాలుగా కలపొచ్చు. వాటిలో మూడే ముందుకి సరిగ్గా తిప్పుతాయి, మరో మూడు వెనక్కి. మిగిలినవాటిలో కొన్ని తిప్పుతాయి కానీ మూలుగుతూ, బోలెడు కరెంటు లాగుతూ. అందుకే చక్రం గాల్లో ఉంచి, అమ్మీటరు పెట్టి, యాక్సిలరేటర్ కొద్దిగా మాత్రమే తిప్పి చూడండి. మామూలు హబ్ మోటారు ఖాళీగా ఒకటి, ఒకటిన్నర ఆంపియర్ల దగ్గర హాయిగా తిరగాలి. అంతకు చాలా ఎక్కువ చూపిస్తే వెంటనే ఆపేయండి, లేకపోతే కంట్రోలర్ కాలిపోతుంది. తీగల కలయిక మార్చే ప్రతిసారీ బ్యాటరీ తీయాల్సిందే.

హబ్ విప్పాల్సివస్తే వేళ్ళు జాగ్రత్త. గేర్లు లేని హబ్‌లో సగం బయటికొచ్చిన భాగాన్ని అయస్కాంతాలు ఒక్కసారిగా లోపలికి లాగేసుకుంటాయి, మధ్యలో వేలుంటే నలిగిపోతుంది. ఇనుప రజను లేని చోట, శుభ్రమైన గుడ్డ పరిచి చేయండి. ప్లాస్టిక్‌ని పాడుచేయని గ్రీజునే గేర్ల పళ్ళకి పల్చగా రాయండి. క్లచ్‌కీ బ్రేకు డిస్కుకీ అంటనివ్వకండి. గేర్లు లేని హబ్‌లో గ్రీజు పూయాల్సిన పళ్ళేమీ ఉండవు.

చైనుతో చక్రాన్ని తిప్పే మోటారుకి చైను వరస తప్పడమూ, పళ్ళచక్రం మరీ చిన్నదవడమూ మోతకి పెద్ద కారణాలు. తొమ్మిది పళ్ళ చక్రం మీద చైను ప్రతి లంకె దగ్గరా మడతపడి కటకటమంటుంది. మోటారు వైపు పళ్ళు పెంచితే చక్రం వైపు కూడా అదే లెక్కలో పెంచాలి, లేకపోతే మోటారు మీద భారం పడుతుంది. మోటారు కింద రబ్బరు వేస్తే పల్చని గట్టి రబ్బరే వేయండి. మెత్తనిదైతే ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు ఒరిగి చైను జారిపోతుంది. తిరుగుతున్న చైను దగ్గరికి గుడ్డ, వేలు పోనివ్వకండి. చైను మీద కవరు లేకుండా రోడ్డెక్కకండి.

మోత తగ్గిన సైకిల్ వెనక నుంచి వస్తుంటే నడిచేవాళ్ళకి తెలియదు. యూరప్‌లో ఎలక్ట్రిక్ కార్లు గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో కావాలని శబ్దం చేయాలని నిబంధనే పెట్టారు. మీ సైకిల్‌కి మంచి బెల్లు బిగించి, దూరం నుంచే కొట్టడం అలవాటు చేసుకోండి.

మొదటి ప్రయాణం దగ్గరలోనే, ట్రాఫిక్ లేని దారిలో పెట్టుకోండి. తిరిగొచ్చాక ఇరుసు నట్లు, మోటారు బోల్టులు మళ్ళీ బిగించి, స్పోకులు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. మోటారు తొడుగు దగ్గర చెయ్యి పెట్టి చూసి, తాకలేనంత వేడిగా ఉంటే ఆ తప్పు దొరికేదాకా దూరప్రయాణాలు ఆపండి.