పండగ షాపింగ్‌కి పిల్లల్ని పంపే ముందు

దసరా సెలవులు ఇచ్చారంటే కూకట్‌పల్లి, అమీర్‌పేట, కోఠి దుకాణాల్లో కాలు పెట్టే సందుండదు. దీపావళి అయ్యాక కొంచెం ఊపిరి పీల్చుకుంటామో లేదో, జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలు. టెన్త్, ఇంటర్ పిల్లలు నలుగురైదుగురు కలిసి మెట్రో ఎక్కి మాల్‌కి పోతారు. పోనివ్వాలి కూడా. కానీ మా లాయరుగారి ఆఫీసుకి "మావాడు చిన్న తప్పు చేశాడండీ" అంటూ గొంతు తగ్గించి మాట్లాడే తల్లిదండ్రులు వచ్చేదీ ఈ రోజుల్లోనే. నేనక్కడ గుమాస్తాని. ఇన్నేళ్ళు ఆ కాగితాలు చూశాక నాకు తెలిసిందేమిటంటే, దుకాణంలో దొంగతనం చేసి మొదటిసారి దొరికిన పిల్లల మీద చట్టం మనం భయపడేంత కఠినంగా ఉండదు. దొరికాక మొదటి గంటలో పెద్దవాళ్ళు కంగారుపడి చేసేదే ఎక్కువ చెరుపు చేస్తుంది.

మా ఇంట్లోనే జరిగింది. ఓ దసరాకి ముందు మా తమ్ముడి భార్య ఫోన్ చేసింది. "వదినా, బాబుని బట్టల షాపుల కూర్చోబెట్టిన్రంట, జల్దీ రా." నేను వెళ్ళేసరికి మా మేనల్లుడు ట్రయల్ రూముల వెనక, అట్టపెట్టెల మధ్య ప్లాస్టిక్ స్టూలు మీద ఉన్నాడు. 599 రూపాయల బెల్టు నడుముకి పెట్టుకుని, పైన టీషర్టు కప్పుకుని బయటికి నడిచాడు. గేటు దగ్గరి అలారం కూసింది. ట్యాగు ఇంకా బెల్టుకి వేలాడుతూనే ఉంది. ఎదురుగా టేబుల్ మీద సగం రాసిన తెల్లకాగితం: "నేను ఇంతకు ముందు మూడుసార్లు కూడా ఇదే షాపులో..." మూడుసార్లా అని అడిగితే, "కాదత్తా, అట్ల రాస్తే పంపిస్తమన్నరు" అన్నాడు. దాంతోపాటు బెల్టు ధరకి పది రెట్లు కట్టాలట. ఈలోపు మా తమ్ముడు వచ్చి, అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాడు.

ఆ గదిలో జరిగినవాటిలో నా లెక్కన అన్నిటికన్నా ప్రమాదమైనది ఆ కాగితం. చేసినదానికి ఒప్పుకోలు వేరు, చేయనివి కలిపి సొంత చేతిరాతతో రాసివ్వడం వేరు. పోలీసులు కూడా పిల్లల చేత ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకూడదని జువెనైల్ జస్టిస్ నిబంధనలు, అంటే 18 నిండనివాళ్ళ కేసుల కోసం ఉన్నవి, చెబుతున్నాయి. దుకాణం మేనేజర్ అడిగితే ఎందుకు పెట్టాలి? అందుకే సెలవులకి ముందే పిల్లలకి చెప్పండి: ఎవరైనా ఆపితే పారిపోవద్దు, తోసేయొద్దు, అబద్ధపు పేరు చెప్పొద్దు, అమ్మానాన్న వచ్చేదాకా ఏమీ రాయొద్దు. ఆడపిల్ల అయితే బ్యాగు చూసేటప్పుడు ఆడ స్టాఫ్ ఉండాలని అడగాలి. పెద్దవాళ్ళు వెళ్ళాక కేకలు వేయడం, చేయి చేసుకోవడం, "మావాడు బంగారం" అని వాదించడం మూడూ అనవసరం. మేమైతే "బెల్టు ఖరీదు కట్టి బిల్లు తీసుకుంటాం, అది కుదరదంటే పోలీసుల్ని పిలవండి" అన్నాం. కాసేపు ఆలోచించి, 599 తీసుకుని బిల్లు ఇచ్చారు.

ఇక్కడ ఒక సంగతి. ఎదురుగా నేరం జరిగితే మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చని కొత్త నేర ప్రక్రియా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 40 చెబుతుంది. కానీ అది కాగ్నిజబుల్ (వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగే), నాన్‌బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకని) నేరాలకే. పట్టుకున్నా, అనవసరంగా ఆలస్యం చేయకుండా 6 గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. సరుకు విలువ 5,000 లోపైతే మామూలు దొంగతనం ఆ కోవలోకి రాదు. ఇది తెలిసుంటే ధైర్యంగా ఉంటుంది, అంతే. అక్కడికి వెళ్ళి సెక్షన్లు చదివితే గోటితో పోయేది గొడ్డలిదాకా వస్తుంది.

పోలీసులే వచ్చారనుకుందాం. 18 నిండకపోతే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, తల్లిదండ్రులకి చెప్పాలి, 24 గంటల్లోపు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఒంటరిగా చేసిన చిన్న దొంగతనానికి మామూలుగా ఎఫ్ఐఆర్ ఉండదు. స్టేషన్‌లోని జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితుల మీద ఒక రిపోర్టుతో బోర్డుకి పంపుతారు. బోర్డంటే ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. బెయిల్ ఇవ్వడమే అక్కడ పద్ధతి, ఇవ్వకపోతే కారణం రాయాలి. చివరికి మందలింపు, కౌన్సెలింగ్, సమాజసేవ, తల్లిదండ్రులకి జరిమానా లాంటివి వేయొచ్చు. మూడేళ్ళ వరకు స్పెషల్ హోమ్‌లో, అంటే ఇలాంటి పిల్లల్ని ఉంచే హోమ్‌లో, పెట్టడం అనేదీ చట్టంలో ఉంది కానీ, 599 రూపాయల బెల్టుకి మొదటిసారే అంతదూరం పోతుందని నిద్ర మానుకోనక్కర్లేదు. "ఇక పాస్‌పోర్టు రాదు, గవర్నమెంటు ఉద్యోగం రాదు" అని ఏడ్చే తల్లులకి మా లాయరుగారు అదే చట్టంలోని సెక్షన్ 24 చదివి వినిపిస్తారు: చిన్నప్పటి కేసువల్ల తర్వాత ఏ అనర్హతా ఉండకూడదు.

18 నిండిన రోజు నుంచి కథ మారుతుంది. ఇంటర్ సెకండియర్, ఇంజనీరింగ్ ఫస్టియర్ పిల్లల తల్లిదండ్రులు ఇది జాగ్రత్తగా చదవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 ప్రకారం దొంగతనానికి మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సరుకు 5,000 లోపైతే, దోషిగా తేలడం మొదటిసారైతే, సరుకో దాని విలువో తిరిగిచ్చేస్తే సమాజసేవతో సరిపెడతారు. 21 నిండనివారిని జైలుకి పంపాలంటే జడ్జి కారణాలు రాయాలని 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. దుకాణం వాళ్ళు ఒప్పుకుంటే రాజీకీ వీలుంది. అయినా పెద్దవాళ్ళ కోర్టులో కేసు కేసే, ఉద్యోగానికి వెరిఫికేషన్ వచ్చినప్పుడు అది అడ్డం పడుతుంది. ఒకే బెంచీలో కూర్చునే ఇద్దరిలో ఒకడికి పదిహేడున్నర, ఇంకొకడికి 18 దాటి నెల అయితే, ఒకే పనికి ఇద్దరివీ రెండు దారులు. పైగా 18 దాటినవాడు జతలో ఉన్నాడంటే ఎఫ్ఐఆర్ పడే అవకాశం వచ్చినట్టే. అందుకే టెన్త్ మెమో ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. వయసు తేల్చడానికి బోర్డు ముందుగా చూసేది స్కూలు సర్టిఫికెట్టో టెన్త్ మెమోనో. ఆధార్ ఆ జాబితాలో లేదు.

ఇక పిల్లలతో మాట్లాడటం. మా దగ్గరికి వచ్చిన వాళ్ళలో డబ్బుల్లేక చేసినవాళ్ళు తక్కువ. "దమ్ముంటే చేసి చూపియ్" అన్న ఫ్రెండ్ మాటకి పోయినవాళ్ళే ఎక్కువ. ఆ మాట వినబడగానే వాష్‌రూమ్ అనో ఇంటి నుంచి ఫోన్ అనో వంక పెట్టి బయటికొచ్చేయమనండి, పిరికివాడనుకున్నా ఫర్వాలేదు. ఎవరి బ్యాగూ మోయొద్దని, కాపలా నిలబడొద్దని కూడా చెప్పండి, ఎందుకంటే కలిసి చేసిన పనికి చేయి పెట్టనివాడూ బాధ్యుడే. చేతులు ఖాళీ లేవని సరుకు జేబులో వేసుకోవడం, బిల్లు కాకముందే చిప్స్ ప్యాకెట్ విప్పడం కూడా మానిపించాలి. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే తిట్లు పనిచేయవు, కౌన్సెలర్‌కి చూపించండి.

ఇంటికొచ్చాక ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. దుకాణంలో ఎవరైనా వీడియో తీసుంటే తీసేయమని అక్కడే గట్టిగా అడగండి. విచారణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, స్కూలు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లాయరుకి డబ్బుల్లేవని ఆగొద్దు, పిల్లలకి న్యాయసహాయం ఉచితం. ఆ నంబర్ 15100, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఏ తప్పూ చేయకపోయినా గేటు కూస్తుంది ఒక్కోసారి, పండగ రద్దీలో క్యాషియర్ ట్యాగు తీయడం మర్చిపోతే. అప్పుడు అక్కడే ఆగి బిల్లు చూపించాలి. మా మేనల్లుడికి పోయినేడు అదే జరిగింది. బిల్లు కవర్లోనే ఉంది. వాడు దాన్ని గార్డు చేతికిచ్చి, చేతులు రెండూ కట్టుకుని నిలబడ్డాడట.