ఇంటి వర్క్‌షాపులో చిన్న ఆవిరి ఇంజన్: ఊగే సిలిండర్ రకం

మొదటిసారి ఆవిరి ఇంజన్ చేసేవాళ్లకు ఊగే సిలిండర్ రకమే సరైనది. విడిగా వాల్వు ఉండదు, దాన్ని కదిపే ఎక్సెంట్రిక్ ఉండదు, పిస్టన్ రాడ్‌ను నిటారుగా నడిపే క్రాస్‌హెడ్ ఉండదు. క్రాంక్ తిరుగుతుంటే సిలిండరే అటూ ఇటూ ఊగుతుంది. ఒకవైపు ఊగినప్పుడు దాని పక్కనున్న రంధ్రం ఆవిరి వచ్చే దారికి ఎదురొస్తుంది, రెండోవైపు ఊగినప్పుడు ఆవిరి పోయే దారికి. సులువుగా ఉంది కదా అని ఆటబొమ్మ కింద తీసిపారేయకండి. 1858లో నీళ్లలోకి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడలో తెడ్డు చక్రాలను తిప్పినవి ఊగే సిలిండర్లే.

కింది కొలతలు 12 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి రంధ్రం), 20 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న ఇంజన్‌వి. ఆవిరి పిస్టన్‌ను ఒక పక్క నుంచే తోస్తుంది. 2 బార్ పీడనం దగ్గర ఆ తోపు సుమారు 2.3 కిలోలు. ఈ ఇంజన్‌లో ప్రాణం పెట్టి చేయాల్సిన చోట్లు మూడు: సిలిండర్ ముఖం దాన్ని మోసే స్టాండు ముఖానికి ఆనే తీరు, ఆ ముఖాల మీది రంధ్రాల స్థానం, బోరులో పిస్టన్ బిగుతు. మిగతాచోట్ల కొంచెం అటూ ఇటూ అయినా ఇంజన్ తిరుగుతుంది. ఈ మూడింట్లో ఏది తప్పినా ఎంత నిగనిగలాడినా తిరగదు.

కావలసినవి

20 మి.మీ. చదరపు ఇత్తడి కడ్డీ 45 మి.మీ., స్టాండుకు 110 × 50 × 8 మి.మీ. ఇత్తడి పలక, పిస్టన్‌కూ, షాఫ్ట్ లోపల తిరిగే బుష్‌కూ గన్‌మెటల్ (ఒక రకం కంచు) కడ్డీ, క్రాంక్ షాఫ్ట్‌కు 6 మి.మీ. సిల్వర్ స్టీల్ (నున్నటి ఉక్కు కడ్డీ), పిస్టన్ రాడ్‌కు 4 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్, సిలిండర్ ఊగడానికి ఆధారమైన ఇరుసు పిన్నుకూ, క్రాంక్ పిన్నుకూ 4 మి.మీ. సిల్వర్ స్టీల్. ఫ్లైవీల్‌కు 60 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీల్ బిళ్ల, ఇది పావు కిలో పైచిలుకు తూగుతుంది. ఇంకా తేలికైన చక్రమైతే ఇంజన్ నిదానంగా తిరగలేదు, డెడ్ సెంటర్ (పిస్టన్ కొసకు చేరి వెనక్కి మళ్లే చోటు) దగ్గరే ఆగిపోతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో వెతికితే ఇత్తడి తునకలు దొరుకుతాయి. స్టాండుకు ఇనుప పలక చవకే, కానీ ఆవిరి తగిలే ముఖం తుప్పు పట్టి గరుకెక్కుతుంది. అక్కడ ఆదా చేయవద్దు.

పనిముట్లలో చిన్న లేత్, ఫోర్-జా చక్ (నాలుగు దవడలు విడివిడిగా బిగిసే పట్టు), 12 మి.మీ. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నునుపు చేసేది), డయల్ గేజ్ (సన్నటి తేడాలను ముల్లుతో చూపేది) తప్పనిసరి.

సిలిండర్

బోరును కడ్డీ మధ్యలో వేయకూడదు. మధ్యలో వేస్తే గోడ మందం అన్ని వైపులా 4 మి.మీ.యే మిగులుతుంది, ఇరుసు పిన్నుకు మర వేయడానికి చాలదు. ఫోర్-జా చక్‌లో కడ్డీని 1.5 మి.మీ. పక్కకు జరిపి పట్టండి. అప్పుడు రంధ్రాల వైపు గోడ 5.5 మి.మీ., ఎదురు వైపు 2.5 మి.మీ. వస్తుంది. పొడవు 40 మి.మీ.కు తేల్చి, 11.8 మి.మీ. డ్రిల్‌తో తొలిచి, రీమర్‌ను బాగా తక్కువ వేగంలో ఒక్క ఊపున తోయండి.

ఇత్తడిలో మామూలు డ్రిల్ బిట్ ఉన్నట్టుండి లోహాన్ని పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది. బిట్ కోత అంచులను సన్నటి రాతి మీద కొంచెం మొద్దు చేస్తే ఆ బెడద ఉండదు. చిన్న పనే, కానీ ఇది వదిలేస్తే కడ్డీ చక్‌లోంచి ఊడిపోవచ్చు.

ఇప్పుడు అసలు పని. 12 మి.మీ. కడ్డీని బోరులో దూర్చి, మందపు గోడ బయటికి ఉండేలా దిమ్మెను చక్‌లో అడ్డంగా పట్టండి. బయటికి పొడుచుకొచ్చిన కడ్డీ రెండు చివర్లా డయల్ గేజ్ పెట్టి, రెండుచోట్లా ఒకే అంకె వచ్చేదాకా సర్దండి. తేడా 0.02 మి.మీ. దాటకూడదు. తర్వాత ముఖాన్ని పలచగా కోసి, చక్ విప్పకుండానే ఇరుసు రంధ్రాన్ని 3.3 మి.మీ. డ్రిల్‌తో 4.5 మి.మీ. లోతు వేసి, ఎం4 (4 మి.మీ.) మర కోయండి. ముఖం, రంధ్రం ఒకే పట్టులో అయ్యాయి కాబట్టి పిన్ను నిలువుగానే నిలబడుతుంది. డ్రిల్ మొనతో సహా లోతు 4.5 దాటితే బోరులోకి చిల్లు పడే ప్రమాదం ఉంది. ఇరుసు స్థానం: సిలిండర్ పై అంచు నుంచి 18 మి.మీ., కింది అంచు నుంచి 22 మి.మీ.

పై మూతకు బోరులోకి 1.5 మి.మీ. దిగే మెట్టు ఉండాలి. నాలుగు మూలల్లో ఎం2.5 మరలతో బిగించండి.

రంధ్రాలు

3 మి.మీ. ఇనుప పట్టీలో 4 మి.మీ. రంధ్రం ఒకటి, దానికి సరిగ్గా 15 మి.మీ. దూరంలో 2.5 మి.మీ. రంధ్రం ఒకటి వేసి జిగ్ (డ్రిల్‌కు దారి చూపే అచ్చు) చేసుకోండి. సిలిండర్‌కూ స్టాండుకూ ఈ ఒక్క జిగ్‌నే వాడాలి. 15 బదులు 15.1 వచ్చినా ఫర్వాలేదు, రెండింటిలో అదే తేడా ఉంటుంది కాబట్టి రంధ్రాలు కలుస్తాయి.

ఇరుసు పిన్నును సిలిండర్‌కు లాక్‌టైట్‌తో (మరలు వదులు కాకుండా పట్టేసే జిగురు) బిగించి, జిగ్‌ను దానికి తొడిగి, బోరు మధ్య గీతకు సరిగ్గా పైన 2.5 మి.మీ. రంధ్రాన్ని బోరులోకి వేయండి. లోపల కోత అంచున లేచిన లోహపు పొరను (బరును) తీయడానికి రీమర్‌ను చేత్తో మరోసారి తిప్పాలి. ఈ బరు మిగిలితే పిస్టన్‌ను గీకేస్తుంది.

స్టాండు మీద షాఫ్ట్ కేంద్రం అడుగు నుంచి 36 మి.మీ. ఎత్తున, ఇరుసు కేంద్రం దానికి 50 మి.మీ. పైన. క్రాంక్ దూరం 10 మి.మీ. అయినప్పుడు సిలిండర్ రంధ్రం మధ్య గీత నుంచి ఇరువైపులా 3 మి.మీ. ఊగుతుంది (15 × 10 ÷ 50). కాబట్టి మధ్య గీతకు చెరో వైపు 3 మి.మీ. దూరంలో నిలువు గీతలు గీసి, జిగ్ రంధ్రం కేంద్రం ఆ గీత మీదికి వచ్చేలా తిప్పి, క్లాంపు వేసి, 5 మి.మీ. లోతు తొలవండి. రంధ్రం 2.5, దూరం 3 కనుక డెడ్ సెంటర్ దగ్గర అర మి.మీ. మూత మిగులుతుంది. పెద్ద రంధ్రం పెడితే బలం పెరుగుతుందని 3.2 మి.మీ. వేస్తే ఆ మూత పోతుంది, ఆవిరి నేరుగా బయటికి తుస్సుమంటుంది.

స్టాండు రెండు పక్కల నుంచి 3 మి.మీ. డ్రిల్‌తో 22 మి.మీ. లోతు వెళ్తే ఈ రంధ్రాలను కలుసుకుంటారు. మొదటి 8 మి.మీ.కు 4.2 మి.మీ. డ్రిల్‌తో పెంచి, ఎం5 మర కోసి గొట్టాల నిపిల్స్ బిగించాలి.

ముఖాలు, పిస్టన్, క్రాంక్

మందపాటి గాజు పలక మీద 400, 600, 1000 నంబరు ఎమరీ పేపర్ వరసగా పరిచి, నూనె చుక్క వేసి, స్టాండు ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. సిలిండర్‌కు పిన్ను అడ్డం కాబట్టి దాన్ని స్టాండుకే జోడించి, సన్నటి పాలిష్ పేస్టుతో రెండింటినీ ఒకదానిమీద ఒకటి ఆడించి, ఆనక కిరోసిన్‌తో కడగాలి. ఇరుసు చుట్టూ 12 మి.మీ. వ్యాసంలో స్టాండు ముఖాన్ని 0.2 మి.మీ. ముందే తగ్గించి పెట్టుకుంటే ఒత్తిడంతా రంధ్రాల చుట్టూ పడుతుంది. మార్కర్ సిరా పూసి ఆడించి చూడండి. రంధ్రాల చుట్టూ సిరా సమానంగా చెరిగితే ముఖం కుదిరినట్టే.

పిస్టన్ పొడవు 14 మి.మీ. దాన్ని రాడ్‌కు మర వేసి బిగించాకే, రాడ్‌ను పట్టుకుని చివరి కోత కోయండి. బోరు కన్నా 0.02–0.03 మి.మీ. తక్కువ ఉండాలి. నూనె పూసి, రంధ్రాన్ని వేలితో మూసి లాగితే వెనక్కి పీల్చినట్టుండాలి. వదిలేస్తే సొంత బరువుకే జారాలి. చుట్టూ రెండు సన్నటి గాడులు కోస్తే నూనె నిలుస్తుంది. పిస్టన్ తల నుంచి క్రాంక్ పిన్ను కేంద్రానికి 53.5 మి.మీ. ఉండేలా రాడ్ సర్దితే, తల ఎప్పుడూ రంధ్రాన్ని మూయదు.

క్రాంక్ బిళ్ల 28 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం. బుష్ అంచు 1 మి.మీ. బయటికి ఉంచి, 8 మి.మీ. మందం ఉన్న బిగ్ ఎండ్‌ను (పిస్టన్ రాడ్ చివర క్రాంక్ పిన్నును పట్టే ముక్క) అర మి.మీ. ఎడంతో పెడితే దాని మధ్య స్టాండు ముఖం నుంచి 11.5 మి.మీ. దూరంలో, అంటే సరిగ్గా బోరు గీతలో పడుతుంది.

ఇరుసు వెనక 0.6 మి.మీ. తీగ స్ప్రింగ్, నైలాక్ నట్ (కదలికకు వదులు కాని నట్). ఆవిరి ముఖాన్ని విడదీయనంత బిగిస్తే చాలు. ఎక్కువ బిగిస్తే ఇంజన్ శక్తంతా రాపిడికే పోతుంది.

గాలితో పరీక్ష, తర్వాతే బాయిలర్

టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్‌తో 1 బార్ లోపే తిప్పండి. ఏ పక్క గొట్టానికి గాలి ఇస్తే దాన్ని బట్టి తిరిగే దిక్కు మారుతుంది. రెండు దిక్కులా ఒకే వేగంతో తిరిగితే రంధ్రాలు సరిగ్గా పడ్డాయి. ఒక దిక్కున మందకొడిగా ఉంటే ఒక రంధ్రం 3 మి.మీ. గీత తప్పింది. ప్రతి చుట్టులోనూ ఒకేచోట పట్టేస్తుంటే పిస్టన్ తప్పు కాదు, బోరు ముఖానికి సమాంతరంగా లేదు.

బాయిలర్‌కు 54 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం ఉన్న రాగి గొట్టం 120 మి.మీ. చాలు. చివరి పలకలు 2 మి.మీ. రాగి, అంచు మడిచి, మధ్యలో 5 మి.మీ. గన్‌మెటల్ స్టే (రెండు పలకలనూ కలిపి పట్టే కడ్డీ) వేయాలి. అతుకులన్నీ కాడ్మియం లేని సిల్వర్ సోల్డర్‌తోనే. మామూలు సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది. 2 బార్ ఆవిరి దాదాపు 134 డిగ్రీలే కదా అనుకోవచ్చు, కానీ నీళ్లు అయిపోయిన క్షణంలో రాగి దాన్ని దాటేస్తుంది. అతికాక ఫ్లక్స్ (అతుకు పట్టడానికి పూసే మందు) పెచ్చులను నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి తీయండి. బాయిలర్‌లోకి మర బిగించే బుష్‌లకు ఇత్తడి పనికిరాదు, దానిలోని జింకును వేడినీళ్లు కాలక్రమంలో లాగేస్తాయి. గన్‌మెటల్ వాడాలి.

2 బార్‌కు తెరుచుకునే సేఫ్టీ వాల్వు, ప్రెషర్ గేజ్ తప్పనిసరి. వేడి చేసేముందు ఆ వాల్వు తీసి దాని బుష్‌కు బిరడా వేసి, లోపల గాలి లేకుండా నీళ్లు నింపి, చేతిపంపుతో 4 బార్ ఎక్కించి పది నిమిషాలు చూడండి. గాలితో ఈ పరీక్ష చేయకూడదు. పగిలితే నీళ్లు కారి ఊరుకుంటాయి, గాలి రాగిని ముక్కలుగా విసురుతుంది. వంటింటి కుక్కర్ విజిల్ తీసి ఆ గొట్టానికి ఇంజన్ తగిలించేవాళ్లున్నారు. విజిలే దాని మొదటి రక్షణ, అది తీశాక కుక్కర్‌ను పొయ్యి మీద పెట్టకండి.

నీళ్లు మూడింట రెండు వంతులే పోసి, స్పిరిట్ దీపంతో వేడి చేయండి. మొదట చల్లటి సిలిండర్‌లో ఆవిరి నీరై నిలుస్తుంది. ఫ్లైవీల్‌ను చేత్తో పదిసార్లు తిప్పి ఆ నీళ్లు కక్కించాలి. గాలితో చక్కగా తిరిగినది ఆవిరికి ఆగిపోతే ముందు గొట్టం చూడండి. పొడవైన వట్టి రాగి గొట్టంలోనే సగం ఆవిరి చల్లారుతుంది. కురచ చేసి నూలు తాడు చుట్టండి. వేడెక్కాక బిగుసుకుంటే పిస్టన్‌ను మరో 0.01 మి.మీ. తగ్గించాలి. నూనెకు 460 గ్రేడ్ స్టీమ్ సిలిండర్ ఆయిల్ వాడండి. కుట్టు మిషన్ నూనెను ఆవిరి కడిగేస్తుంది. పని అయ్యాక, ఇంకా వేడిగా ఉండగానే మిగిలిన నీళ్లు వంపేసి, సిలిండర్‌లోనూ షాఫ్ట్ మీదా నూనె వేసి తిప్పి పెట్టండి. సిల్వర్ స్టీల్ పేరుకే సిల్వర్, తడి తగిలితే తుప్పు పడుతుంది.