కార్సినాయిడ్ గడ్డ ఉన్నవారు గుండె కవాటాలను ఎలా కనిపెట్టుకోవాలి

పేగులో కార్సినాయిడ్ గడ్డ (హార్మోన్లు వదిలే ఒక రకం కణితి) ఉండి అది కాలేయానికి పాకినవారిలో గుండె జబ్బు చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది. ఆయాసం, కాళ్ల వాపు కనిపించేసరికే కవాటం చాలావరకు చెడిపోయి ఉంటుంది. అందుకే లక్షణాల కోసం కాచుకోకుండా వెతికి పట్టుకోవాలి.

గడ్డ వదిలే సెరోటోనిన్ అనే హార్మోన్‌ను మామూలుగా కాలేయం విరిచేస్తుంది. కాలేయంలోనే గడ్డలు పడితే అది నేరుగా గుండె కుడివైపుకు చేరుతుంది. దాని ప్రభావంతో కవాటం రేకులు దళసరెక్కి, కుంచించుకుని, సగం తెరిచిన తలుపులా బిగుసుకుపోతాయి. గుండె కుడివైపు రెండు గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటం నుంచి రక్తం వెనక్కి కారుతుంది, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోని పల్మనరీ కవాటం ఇరుకవుతుంది. ఊపిరితిత్తులు సెరోటోనిన్‌ను నిర్వీర్యం చేస్తాయి కనుక ఎడమవైపు చాలామందిలో క్షేమం. అదీ చెడితే కర్ణికల (గుండె పై గదుల) మధ్య గోడలో రంధ్రం ఉందేమో, ఊపిరితిత్తిలోనే గడ్డ ఉందేమో చూడాలి.

మొదటి పని, 24 గంటల మూత్రంలో 5-హెచ్ఐఏఏ కొలవడం. సెరోటోనిన్ విరిగి మిగిలేది ఇదే. మూడు రోజుల ముందు నుంచి సేకరణ ముగిసేదాకా అరటిపండు, అనాస, టమాటా, వంకాయ, కివీ, అవకాడో, అక్రోట్ మానేయాలి. తింటే అంకె ఉత్తినే పెరుగుతుంది. పారాసిటమాల్, కొన్ని దగ్గుమందులు కూడా లెక్క తప్పించగలవు. ఏవి ఆపాలో డాక్టరును అడగండి, సొంతంగా ఆపకండి.

ఉదయం మొదటి మూత్రం పారబోసి సమయం రాసుకోండి. అక్కణ్నుంచి ప్రతి చుక్కా డబ్బాలోకే, మర్నాడు అదే సమయానికి పోసినదానితో సహా. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో ఆమ్లం ఉండవచ్చు. దాన్ని కడిగేయకండి, వేరే పాత్రలో పట్టి మెల్లగా ఒంపండి. ఒక్కసారి మరిచినా ఫలితం తక్కువగా వస్తుంది, మళ్లీ మొదలుపెట్టాల్సిందే. విరేచనాలున్నవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే: మూత్రం వాటితోపాటు పోతుంది. ముందు మూత్రం పట్టాకే కూర్చోండి. అదీ కుదరకపోతే ఇదే పదార్థాన్ని రక్తంలో కొలిచే పరీక్ష ఉంది.

మూత్రంలో 5-హెచ్ఐఏఏ రోజుకు 300 మైక్రోమోల్స్ దాటితే గుండెకు ముప్పు ఎక్కువ. రిపోర్టు మిల్లీగ్రాముల్లో ఉంటే 5.2తో గుణించండి. అంటే 57 మిల్లీగ్రాములు దాదాపు ఆ గీత దగ్గరే.

హార్మోన్ ఎక్కువగా ఉన్నవారికి ఏడాదికోసారి ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్), కవాటం చెడినట్టు తేలితే మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఎకో రాసిన చీటీ మీద ‘కార్సినాయిడ్’ అన్న మాట ఉండేలా చూసుకోండి. పల్మనరీ కవాటం ఎకోలో సరిగా చిక్కదు. కారణం తెలియనివారు దాని మీద ఎక్కువసేపు నిలవరు. గుండె మీది ఒత్తిడిని చూపే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష మిల్లీలీటరుకు 260 పికోగ్రాములు దాటితే అనుమానించాలి. అంతకన్నా తక్కువ వచ్చిందని మాత్రం ఎకో మానకండి.

నాలుగు వారాలకోసారి ఇచ్చే ఆక్ట్రియోటైడ్ లేదా లాన్రియోటైడ్ సూది హార్మోన్‌ను తగ్గిస్తుంది. బిగుసుకుపోయిన రేకును మాత్రం వెనక్కి తేలేదు. నీరు దిగే మాత్రలు వాపునే తగ్గిస్తాయి. రేకులు కుంచించుకుపోయాక మరమ్మతు కుదరడం అరుదు, కవాటం మార్చాల్సి వస్తుంది. కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) అలసిపోకముందే సర్జన్‌ను కలవడం మేలు. కాలేయం దెబ్బతిన్నవారికి రక్తం పలచబరిచే మందులు ప్రమాదం కాబట్టి లోహపు కవాటం కన్నా కణజాల కవాటానికే ఎక్కువమంది మొగ్గుతారు. కాలేయ ఆపరేషన్ కూడా ఉంటే సాధారణంగా గుండెదే ముందు: కుడివైపు ఒత్తిడితో ఉబ్బిన కాలేయాన్ని కోస్తే రక్తస్రావం ఆగదు.

మత్తు ఇచ్చే ఏ పనికైనా, పన్ను తీయించుకోవడానికైనా, ముందే చెప్పండి. గడ్డ ఒక్కసారిగా హార్మోన్ కుమ్మరిస్తే రక్తపోటు పడిపోవచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ముందు నుంచే ఆక్ట్రియోటైడ్‌ను గంటకు 50 నుంచి 100 మైక్రోగ్రాముల చొప్పున సిరలోకి ఎక్కిస్తారు. పంటి మత్తుమందులో కలిపే అడ్రినలిన్ కూడా ఆ కుమ్మరింతను రేపగలదు. అది లేని మందు అడగండి.