అమెరికాలో కారుకు ఏ పెట్రోలు కొట్టించాలి: మన జిల్లాల నుండి కొత్తగా వచ్చినవారికి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి చదువుకో, ఉద్యోగానికో వచ్చి, పాత కరోలానో సివిక్‌నో కొనుక్కున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ బంకుకు వెళ్లేముందు ఇది ఒకసారి చదవాలి. లైసెన్సు, బీమాల సంగతి చెప్పడానికి చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి నేను పోను.

మొన్న టెక్కలి వైపు నుండి వచ్చిన ఒక తమ్ముడు తన పాత కారులో 93 అంకె గల ఖరీదైన పెట్రోలు నింపుతూ, "ఊళ్లో బండికి 95 కొట్టించేవాణ్ణి, ఈ 87 ఏటన్నా, కల్తీదా?" అని అడిగాడు. ఇంటి అద్దెకు వెతుక్కునే మొదటి నెలల్లో ఇదే భయంతో డబ్బు తగలేసేవాళ్లను చూస్తే జాలితో పాటు కోపమూ వస్తుంది.

రెండు దేశాలలో ఆ అంకెను లెక్కించే పద్ధతి వేరు. మన దేశంలో చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్ సంఖ్య మాత్రమే. ఇక్కడ దానికి, అంతకంటే కఠినమైన పరీక్షలో వచ్చే మోటార్ ఆక్టేన్ సంఖ్యను కలిపి, సగటు తీసి, పంపుపై పసుపు చీటీలో ముద్రిస్తారు. కాబట్టి ఇక్కడి 87 ఇంచుమించు మన 91కి సమానం. పైగా ఆక్టేన్ అనేది బలానికి కొలత కాదు. సిలిండరులో ఒత్తిడి పెరిగినప్పుడు ఇంధనం తనంతట తాను ముందే అంటుకోకుండా ఎంతవరకు నిలదొక్కుకుంటుందో అది చెబుతుంది. టర్బో ఉన్నవీ, అధిక కంప్రెషన్ గలవీ అయిన కొన్ని ఇంజిన్లకు ఆ గుణం అవసరం. 87 చాలునని తయారుచేసిన ఇంజిన్‌లో 93 పోసినందువల్ల మైలేజీ పెరగదు, ఇంజిన్ శుభ్రపడదు. శుభ్రత కావాలంటే టాప్ టియర్ గుర్తు ఉన్న బంకు చూసుకోండి. అక్కడ 87లో కూడా ఇంజిన్‌ను శుభ్రపరిచే రసాయనాలు ఉంటాయి.

మీ కారుకు ఏది కావాలో స్నేహితులను అడగవద్దు. పెట్రోలు మూత దగ్గరి తలుపు లోపలా, కారు పుస్తకంలోనూ రాసి ఉంటుంది. ప్రీమియం, అంటే ఎక్కువ ఆక్టేన్ గల ఖరీదైన పెట్రోలు, "రిక్వైర్డ్" అని ఉంటే మారు మాట లేకుండా అదే కొట్టించాలి. "రికమెండెడ్" అని మాత్రమే ఉంటే 87తోనూ నడుస్తుంది.

న్యూజెర్సీలో తప్ప దాదాపు అన్నిచోట్లా మనమే కొట్టుకోవాలి, కాబట్టి చవక ధర చూసి చేయి చాపకండి. 88 అని ఉన్నది సాధారణంగా 15 శాతం ఇథనాల్ కలిసినది. 2001, ఆ తరువాతి మోడల్ కార్లకు దానికి అనుమతి ఉంది. ఇథనాల్ ఇంకా చాలా ఎక్కువగా ఉండే ఈ85 మాత్రం, దానికి తగినట్టు తయారైన ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లకే. డీజిల్ గొట్టానికి చాలా బంకుల్లో ఆకుపచ్చ పిడి ఉంటుంది గాని, కొన్నిచోట్ల పెట్రోలుకే ఆ రంగు వాడతారు. పిడిని కాదు, పేరును చదవండి.

సరే, మరీ బెంగపడకండి. పొరపాటున 93 కొట్టిస్తే పోయేది డబ్బే. ప్రీమియం సిఫారసు చేసిన కారులో 87 పోసినా, ఇంధనం తనంతట తాను అంటుకోవడాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ సాయంతో ఇంజిన్ స్పార్కును కాస్త ఆలస్యం చేసి సర్దుకుంటుంది. పికప్ కొద్దిగా తగ్గుతుంది, అంతే. డీజిల్ పడితే మాత్రం తాళం తిప్పకుండా టో ట్రక్కును పిలిపించి, ట్యాంకు ఖాళీ చేయించండి.