లైనక్సు బ్రౌజరులో రక్షిత వీడియోలు ఆడాలంటే ఏమేం సరిచూసుకోవాలి

చందా కట్టిన వీడియో సేవ విండోసులో చక్కగా ఆడి, అదే కంప్యూటరులో లైనక్సు వేసుకున్న తరువాత నల్లటి తెరనో ఒక లోపం సంఖ్యనో మాత్రమే చూపిస్తే, చాలామంది ఎక్కడో కనిపించిన ఆజ్ఞలను ఒకదాని వెంట ఒకటి టెర్మినలులో అంటించడం మొదలుపెడతారు. వాటిలో ఏదో ఒకటి ఫలించవచ్చు గాని, ఏది ఫలించిందో తెలియదు కాబట్టి తరువాతి అప్‌డేట్‌తో కథ మళ్లీ మొదటికి వస్తుంది. రక్షిత వీడియో ఆడడానికి కావలసినవి ముఖ్యంగా నాలుగే. బ్రౌజరుకు అనుమతి ఇచ్చి ఉండాలి, ఎన్‌క్రిప్షన్‌ను విప్పే మాడ్యూలు దిగి ఉండాలి, ఆ మాడ్యూలు మన ప్రాసెసరుకూ మన డిస్ట్రోకూ (ఉబుంటు, ఫెడోరా వంటి లైనక్సు పంపిణీకి) సరిపడేదై ఉండాలి, శబ్దాన్ని డీకోడ్ చేసే కోడెక్ వ్యవస్థలో ఉండాలి. ఇదే వరుసలో చూసుకుంటూ పోతే లోపం ఎక్కడుందో దాదాపు ప్రతిసారీ తేలిపోతుంది.

ముందుగా తెర వెనుక జరిగేది కొంత తెలుసుకోవాలి. సేవ నుంచి వచ్చే వీడియో ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. వెబ్ పేజీకీ, దాన్ని విప్పే మాడ్యూలుకూ మధ్య సంభాషణ నడిపే ప్రమాణం పేరు ఎన్‌క్రిప్టెడ్ మీడియా ఎక్స్‌టెన్షన్స్, క్లుప్తంగా ఈఎంఈ. దీన్ని వెబ్ ప్రమాణాలను నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ 2017 సెప్టెంబరులో అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. ఈఎంఈ స్వయంగా దేన్నీ విప్పదు. విప్పేది సీడీఎం అనే మాడ్యూలు. లైనక్సు బ్రౌజర్లలో ఆ పని చేసేది వైడ్‌వైన్, అంటే గూగుల్ 2010లో కొనుగోలు చేసిన సంస్థ రూపొందించిన సాంకేతికత. ఇదే పని చేసే మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ గాని, ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే గాని లైనక్సు బ్రౌజర్లలో లేవు కనుక, కేవలం వాటి మీదనే ఆధారపడిన సేవ ఏదైనా ఉంటే దానికోసం ఇక్కడ ఎంత శ్రమపడినా ప్రయోజనం ఉండదు.

వైడ్‌వైన్ సోర్సు కోడు మూసి ఉంచినది. లైనక్సును స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్న కారణంతోనే ఎంచుకున్నవారికి ఇది చిన్న విషయం కాదు, వారి అభ్యంతరం న్యాయమైనది కూడా. అందుకే ఫైర్‌ఫాక్స్ ఈ మాడ్యూలును తనతోపాటు తీసుకురాదు. వినియోగదారు ఒప్పుకున్న తరువాతే దించుకుని, శాండ్‌బాక్సులో, అంటే మిగతా వ్యవస్థను తాకలేని హద్దులలో, బంధించిన వేరే ప్రాసెస్‌గా నడుపుతుంది. ఒప్పుకోవడమా మానడమా అన్నది ఎవరికి వారు తెలిసి తీసుకోవలసిన నిర్ణయం. 2016 సెప్టెంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 49 నుంచి లైనక్సులో ఈ ఏర్పాటు ఉంది. అంతకు రెండేళ్ల ముందే, 2014లో, క్రోమ్ ద్వారా నెట్‌ఫ్లిక్స్ లైనక్సులో ఆడసాగింది. దానికి పూర్వం విండోస్ వీడియో ప్లగిన్ సిల్వర్‌లైట్‌ను, విండోస్ ప్రోగ్రాములను లైనక్సులో నడిపే వైన్ సాయంతో ఆడించే పైప్‌లైట్ వంటి ఉపాయాలే దిక్కు. పాత వ్యాసాలలో ఆ పేర్లు కనిపిస్తే వాటిని వదిలి ముందుకు సాగడం మేలు.

ఫైర్‌ఫాక్స్‌లో

మెనూలో సెట్టింగ్స్ తెరిచి, జనరల్ విభాగంలో కిందికి వస్తే ‘డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్ కంటెంట్’ అనే శీర్షిక కింద ‘ప్లే డీఆర్ఎం-కంట్రోల్డ్ కంటెంట్’ అన్న గడి ఉంటుంది. డీఆర్ఎం అంటే ఈ రక్షణ ఏర్పాటే. దానిలో టిక్కు పెట్టాలి. సేవ పేజీకి ముందే వెళ్లి ఉంటే, పైన ఒక పట్టీ కనిపించి ‘ఎనేబుల్ డీఆర్ఎం’ అని అడుగుతుంది. అక్కడ నొక్కినా ఫలితం ఒకటే. చాలామంది ఆ పట్టీని ప్రకటన అనుకుని మూసేస్తారు, ఆ తరువాత వీడియో ఎందుకు ఆడడం లేదని వెతుక్కుంటారు.

టిక్కు పెట్టగానే వీడియో ఆడాలని ఏమీ లేదు. మాడ్యూలు దిగడానికి కొద్ది నిమిషాలు పట్టవచ్చు. ‘యాడ్-ఆన్స్’ పేజీలోని ‘ప్లగిన్స్’ విభాగం తెరిస్తే, ‘వైడ్‌వైన్ కంటెంట్ డీక్రిప్షన్ మాడ్యూల్’ అనే వరుస ఉంటుంది. ఇంకా దిగకపోతే ‘త్వరలో ఇన్‌స్టాల్ అవుతుంది’ అనే అర్థం వచ్చే మాట అక్కడే కనిపిస్తుంది. పైనున్న పళ్లచక్రం గుర్తు నొక్కి అప్‌డేట్‌ల కోసం చూడమంటే ఆ పని త్వరపడుతుంది. ఆ వరుస అసలే లేకపోతే, మీ డిస్ట్రో గాని మీరు వాడుతున్న ఫైర్‌ఫాక్స్ రూపాంతరం గాని డీఆర్ఎంను ఆపివేసి ఉండవచ్చు. లిబర్‌వుల్ఫ్ దాన్ని మొదటినుంచీ ఆపే ఉంచుతుంది; టార్ బ్రౌజరులో కూడా అది పనిచేయదు, అక్కడ దాన్ని తెరవాలని ప్రయత్నించడం ఆ బ్రౌజరు ఉద్దేశానికే విరుద్ధం.

వరుస కనిపిస్తున్నా వీడియో ఆడకపోతే, దిగిన ఫైలు పాడై ఉండే అవకాశం ఉంది. సహాయం మెనూలోని ‘మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ పేజీలో ప్రొఫైల్ ఫోల్డరును తెరిచే మీట ఉంటుంది. ఆ ఫోల్డరు లోపల జీఎంపీ, వైడ్‌వైన్, సీడీఎం అన్న అక్షరాలు కలిసిన పేరుతో మరో ఫోల్డరు, దానిలో వెర్షన్ సంఖ్య పేరుతో ఇంకొకటి, అందులో అసలు లైబ్రరీ ఫైలు ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌ను మూసి, ఈ వైడ్‌వైన్ ఫోల్డరును తొలగించి, తిరిగి తెరిచి, ప్లగిన్స్ విభాగంలో మళ్లీ అప్‌డేట్‌కు వెతికించాలి. ప్రొఫైల్‌లోని మిగతా వాటి జోలికి పోకూడదు. పాస్‌వర్డులూ బుక్‌మార్కులూ ఉండేది అక్కడే.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. మాడ్యూలు హోమ్ ఫోల్డరులోకి దిగుతుంది. భద్రత కోసం కొందరు హోమ్ విభాగాన్ని ‘నోఎగ్జెక్’ అనే నియమంతో మౌంట్ చేసుకుంటారు (వ్యవస్థకు జోడించుకుంటారు), అంటే అక్కడి ఫైళ్లను కోడుగా నడపనివ్వరు. అలాంటప్పుడు మాడ్యూలు దిగుతుంది, జాబితాలో కనిపిస్తుంది, కానీ లోడ్ కాదు. టెర్మినలులో మౌంట్ ఆజ్ఞ ఇచ్చి, హోమ్ ఉన్న వరుసలో నోఎగ్జెక్ అనే మాట ఉందేమో చూడాలి. ఉంటే, ఏ విభాగం ఎలా మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ మాట తీసి మళ్లీ మౌంట్ చేయాలి. లేదా మాడ్యూలును వ్యవస్థ ఫోల్డరులో పెట్టుకునే క్రోమ్‌ను వాడాలి.

చూసుకోవలసిన చివరిది కోడెక్, ఎక్కువమంది మరిచిపోయేదీ ఇదే. వైడ్‌వైన్ మాడ్యూలు హెచ్.264 వీడియోను విప్పడమే కాక డీకోడ్ కూడా చేస్తుంది. ఏఏసీ శబ్దాన్ని మాత్రం విప్పి బ్రౌజరుకు అప్పగిస్తుంది, డీకోడ్ చేయదు. ఫైర్‌ఫాక్స్ ఆ శబ్దం కోసం వ్యవస్థలోని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది. లైబ్రరీ లేకపోతే శబ్దం ఒక్కటే పోయి బొమ్మ కదులుతుందని అనుకోవద్దు. వీడియో మొత్తమే మొదలు కాకపోవచ్చు. దీన్ని పరీక్షించడం సులువు. ఎలాంటి రక్షణా లేని, ఏఏసీ శబ్దం ఉన్న ఒక ఎంపీ4 ఫైలును ఖాళీ ట్యాబులోకి లాగి వదలండి. అది ఆడకపోతే లోపం డీఆర్ఎంది కాదు, కోడెక్‌ది. ఉబుంటులో ‘ఉబుంటు రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్’ ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. ఫెడోరాలో ముందుగా వచ్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కుదించినది కనుక, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే ప్యాకేజీల భాండారాన్ని చేర్చుకుని అక్కడి పూర్తి ప్యాకేజీతో దాన్ని మార్చుకోవాలి. ఓపెన్‌సూసేలో అదే పనికి ప్యాక్‌మ్యాన్ భాండారం ఉంది. డెబియన్‌లో ప్రధాన భాండారంలోనే దొరుకుతుంది.

క్రోమ్, క్రోమియం, వాటి బంధువులు

గూగుల్ క్రోమ్‌లో వైడ్‌వైన్, కోడెక్‌లు రెండూ కలిసే వస్తాయి. అడ్రస్ బార్‌లో ఆంగ్లంలో క్రోమ్ అని రాసి, కోలన్, రెండు వాలు గీతలు పెట్టి, కాంపొనెంట్స్ అని టైపు చేస్తే వచ్చే పేజీలో వైడ్‌వైన్ వరుస, దాని వెర్షన్, అప్‌డేట్ మీట కనిపిస్తాయి. బ్రేవ్ బ్రౌజరు రక్షిత వీడియో ఎదురైనప్పుడు వైడ్‌వైన్‌ను దించనా అని అడుగుతుంది. అడగకపోతే దాని సెట్టింగులలోని ఎక్స్‌టెన్షన్స్ విభాగంలో స్విచ్ ఉంది.

క్రోమియం సంగతి వేరు. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కనుక వైడ్‌వైన్ లేకుండా వస్తుంది. ఆర్చ్ వాడేవారికి వినియోగదారులే నడిపే ప్యాకేజీల భాండారం ఏయూఆర్‌లో ఇందుకోసమే ఒక ప్యాకేజీ ఉంది. ఇతరులు క్రోమ్‌ను కూడా వేసుకుని, ఆప్ట్ ఫోల్డరులోని గూగుల్, దానిలోని క్రోమ్ అన్న ఫోల్డర్ల కింద ఉండే ‘వైడ్‌వైన్‌సీడీఎం’ ఫోల్డరును మొత్తంగా క్రోమియం లైబ్రరీ ఫోల్డరులోకి కాపీ చేసుకోవచ్చు. మొత్తంగా అన్న మాట ముఖ్యం. లోపలి లైబ్రరీ ఫైలును ఒక్కదాన్నే తెచ్చి పెడితే, దానితో ఉండవలసిన మ్యానిఫెస్ట్ ఫైలు లేక క్రోమియం దాన్ని గుర్తించదు. ఇలా కాపీ చేసినది తనంతట తాను అప్‌డేట్ కాదు కాబట్టి, పాతబడిన మాడ్యూలును సేవ తిరస్కరించిన రోజున మళ్లీ కాపీ చేయవలసి ఉంటుంది. రెండింటినీ ఉంచుకుని ఇంత పని చేయడం కంటే ఆ వీడియోల వరకు క్రోమ్‌నే వాడుకోవడం సులువని నా అభిప్రాయం.

ప్రాసెసరు, డిస్ట్రో

టెర్మినలులో యూనేమ్ ఆజ్ఞను హైఫన్, ఎం జోడించి ఇస్తే ప్రాసెసరు రకం తెలుస్తుంది. ఎక్స్86_64 అని వస్తే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. 32 బిట్ల లైనక్సుకు క్రోమ్ 2016లోనే మద్దతు మానుకుంది. ఆర్మ్ ప్రాసెసర్లలో దారి ఇరుకు: రాస్ప్‌బెరీ పై ఓఎస్ తన భాండారంలోనే వైడ్‌వైన్ ప్యాకేజీని ఇస్తుంది, ఆపిల్ సిలికాన్ మీద నడిచే అసాహీ లైనక్సు వారు ఒక ఇన్‌స్టాలర్‌ను సమకూర్చారు. వైడ్‌వైన్, చాలా డిస్ట్రోలలో ఉండే గ్నూ సీ లైబ్రరీని ఆశించి తయారైనది. అందువల్ల దాని బదులు మజల్ లైబ్రరీతో నడిచే ఆల్పైన్ వంటి డిస్ట్రోలలో అది నేరుగా లోడ్ కాదు. అక్కడ ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీ పద్ధతి ద్వారా వచ్చే బ్రౌజరు తనకు కావలసిన లైబ్రరీలను వెంట తెచ్చుకుంటుంది కాబట్టి అదే సరైన మార్గం.

అన్నీ ఉన్నా ఆడనప్పుడు

ఇప్పుడు లోపం బ్రౌజరుదా, సేవదా అని తేల్చుకోవాలి. బిట్‌మోవిన్ సంస్థ వెబ్‌సైటులో డీఆర్ఎం డెమో పేజీ ఉంది. మీ బ్రౌజరు ఏ డీఆర్ఎంను గుర్తిస్తున్నదో చెప్పి, ఒక రక్షిత వీడియోను ఆడిస్తుంది. అక్కడ ఆడితే మీ ఏర్పాటు సవ్యంగా ఉన్నట్టే. నెట్‌ఫ్లిక్స్‌లో ఎం7701-1003 అనే సంఖ్య వస్తే మాత్రం వైడ్‌వైన్ లేదనో, పాతబడిందనో గ్రహించి పైకి తిరిగి వెళ్లాలి.

డెమో ఆడి, సేవ ఆడకపోతే కొత్త బ్రౌజరు ప్రొఫైల్‌లో ప్రయత్నించండి. అక్కడ ఆడితే ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతున్నట్టు. కంప్యూటరు గడియారం తప్పుగా ఉన్నా, వీడియోను విప్పే తాళంచెవిని అందించే లైసెన్సు సేవ నుంచి దక్కదు. శబ్దం వస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే, క్రోమ్ సెట్టింగులలోని సిస్టమ్ విభాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌ను తాత్కాలికంగా ఆపి చూడాలి.

లైసెన్సు అడగకముందే ‘ఈ వ్యవస్థకు మద్దతు లేదు’ అని సేవ తిప్పి పంపేస్తే, అది బ్రౌజరు చెప్పే పేరును చూసి తీసుకున్న నిర్ణయం కావచ్చు. అప్పుడు ఆ పేరును, అంటే యూజర్ ఏజెంట్‌ను, మార్చే ఎక్స్‌టెన్షన్‌ను ఆ ఒక్క వెబ్‌సైటుకు మాత్రమే పెట్టి ప్రయత్నించవచ్చు. అన్నింటికంటే ముందు చేయమని చాలాచోట్ల చెప్పే ఈ పనిని నేను చివరికి ఉంచడానికి కారణం ఉంది. మాడ్యూలు లేనప్పుడు పేరు మార్చడం వల్ల ఒరిగేది లేదు, పైగా అసలు లోపం వేరే లోపం వెనుక దాక్కుంటుంది.

నాణ్యత విషయంలో ఆశలు వాస్తవానికి దగ్గరగా ఉండాలి. వైడ్‌వైన్‌లో ఎల్1, ఎల్2, ఎల్3 అని భద్రతా స్థాయిలు ఉన్నాయి. విప్పడం, డీకోడ్ చేయడం రెండూ ప్రాసెసరులోని సురక్షిత భాగంలోనే జరిగితే ఎల్1. సాఫ్ట్‌వేర్‌లోనే జరిగితే ఎల్3. లైనక్సు డెస్క్‌టాప్ బ్రౌజర్లలో దక్కేది ఎల్3. ఏ స్థాయికి ఎంత స్పష్టత ఇవ్వాలన్నది సేవలూ, చిత్రాల హక్కుదారులూ నిర్ణయించుకుంటారు. 4కే సాధారణంగా ఎల్1కే పరిమితం. చెల్లించే చందా ఒకటే అయినప్పుడు ఇది అన్యాయంగానే తోస్తుంది, అయితే యూజర్ ఏజెంట్ మార్చి ఎల్3ని ఎల్1గా చేసుకోలేము. నెట్‌ఫ్లిక్స్‌లో వీడియో ఆడుతుండగా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలతో కలిపి డీ నొక్కితే, ఆ క్షణాన వస్తున్న బిట్‌రేటు, స్పష్టత తెరమీద కనిపిస్తాయి. 4కే కోసం ఖరీదైన ప్లానుకు మారేముందు, ఉన్న ప్లానులో ఆ అంకెలను ఒకసారి చూసుకోవాలి.