మగవాళ్ళకి స్కర్ట్: కొలత, కుట్టు, నలుగురిలో తిరగడం

స్కర్ట్ వేసుకుంటే జనం నవ్వుతారేమోనని చాలామంది మగవాళ్ళు వెనకాడతారు. నిజానికి ఎవరికైనా ముందు కంట్లో పడేది స్కర్ట్ కాదు, పది అడుగులకోసారి దాన్ని పైకి లాక్కునే మనిషి. కొలత కుదిరితే సగం బెరుకు పోతుంది. కాబట్టి ధైర్యం సంగతి తర్వాత, ముందు టేపు తీయండి.

ప్యాంటు మీద 34 అని రాసుంది కదా అని మీ నడుం 34 అంగుళాలు అనుకోవద్దు. ప్యాంటు బొడ్డు కంటే రెండు మూడు అంగుళాలు కిందే ఆగుతుంది. పైగా అంకె ఒకటి వేసి, బట్ట కాస్త వదులుగా కుట్టే కంపెనీలే ఎక్కువ. స్కర్ట్ నిలవాల్సింది అసలు నడుం మీద. పక్కకి వంగితే ఎక్కడ మడత పడుతుందో అదే చోటు. పొట్ట లోపలికి లాగకుండా కొలవండి. ఆ తర్వాత పిరుదుల దగ్గర, అన్నిటికంటే వెడల్పైన చోట ఇంకో కొలత తీసుకోండి.

ఆడవాళ్ళ కోసం కుట్టిన స్కర్ట్ మగవాళ్ళకి ఎందుకు కుదరదో ఈ రెండు కొలతలే చెబుతాయి. దాన్ని నడుముకీ తుంటికీ సుమారు పదంగుళాల తేడా ఉంటుందన్న లెక్కన కత్తిరిస్తారు. మగవాళ్ళలో ఆ తేడా అందులో సగమో, ఇంకా తక్కువో. తుంటికి సరిపడేది తీసుకుంటే నడుం దగ్గర హుక్కు పట్టదు. నడుముకి సరిపడేది తీసుకుంటే రెండు పక్కలా సంచిలా ఉబ్బుతుంది. రెండోదే తీసుకోండి, దాన్ని బాగుచేయొచ్చు: వెనక డార్టులు (నడుం దగ్గర గుడ్డని బిగించే కోసు మడత కుట్లు) విప్పించి, పక్క కుట్లు లోపలికి వేయిస్తే చాలు. కొత్తగా కుట్టిస్తుంటే నడుం పట్టీ 4 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పుతో, బెల్టు లూపులతో పెట్టించండి. ఉత్త ఎలాస్టిక్ అయితే జేబులో ఫోను, తాళాలు పడగానే జారుతుంది.

పొడవు విషయంలో కిల్టు (స్కాట్లాండ్ మగవాళ్ళు వేసుకునే ప్లీట్ల స్కర్ట్) కుట్టేవాళ్ళ పద్ధతి సులువుగా ఉంటుంది. నిటారుగా మోకాళ్ళ మీద నిలబడితే అంచు నేలకి ఒక అంగుళం పైన ఉండాలి. అప్పుడు లేచి నిలబడితే మోకాలి మధ్యకి వస్తుంది. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి అసలు నడుం నుంచి అది సుమారు 22 నుంచి 24 అంగుళాలు. మొదటిసారికి ఇంతకంటే పొట్టి వద్దు, కూర్చున్నప్పుడు బట్ట రెండు మూడు అంగుళాలు పైకి వెళ్తుంది. పొట్ట ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. పొట్ట మీదుగా వేసుకుంటే ముందు అంచు పైకి లేస్తుంది, పొట్ట కింద వేసుకుంటే ముందు అంచు వేలాడుతుంది. అందుకే స్కర్ట్‌ను బల్ల మీద పరిచి అంచు మడవకూడదు. వేసుకుని, చెప్పులతో సహా నిలబడితే, ఇంకొకరు నేల నుంచి స్కేలు పెట్టి చుట్టూ సుద్దతో గుర్తులు పెట్టాలి.

బట్ట చదరపు మీటరుకి 180 నుంచి 250 గ్రాముల మధ్య ఉంటే మంచిది. కాటన్ ట్విల్, పల్చటి డెనిమ్, బరువైన లినెన్ ఈ లెక్కలోకి వస్తాయి. 120 గ్రాములలోపు బట్ట గాలికి ఎగురుతుంది. పాలియెస్టర్ అయితే పొడి వాతావరణంలో కాళ్ళకి అతుక్కుంటుంది. కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుంచించుకుపోవచ్చు. కత్తిరించకముందే ఒకసారి తడిపి ఆరబెట్టండి. చుట్టూ ప్లీట్లు కావాలంటే తుంటి కొలతకి మూడింతల గుడ్డ పడుతుంది. ముందు భాగం మాత్రం ప్లీట్లు లేకుండా చదునుగా ఉంచండి, కూర్చున్నప్పుడు గుడ్డ తొడల మధ్య ముద్దకట్టదు. ప్లీట్లు లేని ఇరుకు స్కర్టుకి వెనక 15 సెంటీమీటర్ల చీలిక లేకపోతే మెట్లెక్కడం కష్టం.

జేబుల దగ్గరే చాలా స్కర్టులు చెడిపోతాయి. పక్క కుట్టులో మామూలు జేబు పెడితే ఫోను నడిచినప్పుడల్లా తొడకి కొట్టుకుంటుంది, కుట్టు సాగుతుంది. జేబు సంచి పైఅంచుని గట్టి టేపుతో నడుం పట్టీకి కుట్టించండి. అప్పుడు బరువు కుట్టు మీద కాకుండా పట్టీ మీద పడుతుంది.

ప్యాంటులో నాలుగు కుట్లు కలిసి గజ్జల్లో ఒరుసుకునే బాధ స్కర్టులో ఉండదు. దాని బదులు ఇంకోటి వస్తుంది: రెండు తొడల మధ్య గుడ్డ లేకపోవడంతో చెమటకి చర్మం ఒరుసుకుని మండుతుంది. మొదటిరోజే రెండు గంటలు నడిచి, ఇక నావల్ల కాదని మానేసేది ఇందుకే. ఆరేడు అంగుళాల కాలున్న బాక్సర్ బ్రీఫ్ లోపల వేసుకుంటే ఆ బాధ పోతుంది, గాలికి ఎగిరినా కంగారుండదు.

కూర్చునేటప్పుడు అరచేతిని వెనక నుంచి కిందికి రాస్తూ ప్లీట్లు సర్దుకుని కూర్చోవాలి. ఇంట్లో రెండు సాయంత్రాలు చేస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది. సైకిలు మీద జాగ్రత్త, వెనక చక్రంలో గుడ్డ చిక్కుకుంటుంది.

బయటికి మొదటిసారి పెళ్ళికో విందుకో కాదు, ఏదో చిన్న పని మీద వెళ్ళండి. పైన మీరు రోజూ వేసుకునే చొక్కా, కాళ్ళకి పాత బూట్లే ఉండనివ్వండి. ఒకేరోజు అన్నీ కొత్తవైతే వేషం వేసినట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, వీధిలో ఎదురుపడి తెలుసుకోవడం వాళ్ళకి బాగోదు. ఎవరైనా అడిగితే "గాలాడుతుంది, హాయిగా ఉంది" అంటే చాలు. చరిత్ర పాఠం మొదలుపెడితే వాదన పెరుగుతుంది. చెప్పడానికి చరిత్ర లేక కాదు: ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలని పారిస్‌లో 1800లో పెట్టిన ఉత్తర్వు చెల్లదని ప్రభుత్వం ప్రకటించింది 2013లో. ఎగతాళి బెదిరింపుగా మారితే మాత్రం జవాబివ్వకుండా జనం ఉన్న వైపు నడవండి.

ఆఫీసుకైతే దుస్తుల నిబంధన ముందు చదవండి. స్కర్ట్ మాట అందులో ఉండి, అది ఎవరికో రాసి లేకపోతే, వేసుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి. 2013 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో నిక్కర్లు వద్దన్నారని కొందరు రైలు డ్రైవర్లు ఎండకి స్కర్టులు వేసుకొచ్చారు. ఆపితే వివక్ష అవుతుందని కంపెనీయే ఒప్పుకుంది. తిరిగే యంత్రాల దగ్గర వదులు గుడ్డ వద్దంటే అది న్యాయమైన కారణమే, అక్కడ పట్టుబట్టొద్దు.

ప్లీట్ల స్కర్ట్ ఉతికేముందు ప్రతి మడత అంచునీ పొడుగు టాకాలతో కుట్టేయండి. ఇస్త్రీ అయ్యాకే ఆ దారం లాగేయాలి, లేదంటే ప్లీట్లన్నీ మళ్ళీ టేపుతో కొలిచి పెట్టుకోవాల్సి వస్తుంది.